రెండు సిమ్‌లు, ఒకటే టవర్: కరెంటు పోతే రెండూ ఎందుకు చస్తాయి?

ఈ ఎపిసోడ్‌లో ఫోన్ గురించి కాదు, ఫోన్‌కి అవతలి వైపు ఉండే ఒక కాగితం గురించి మాట్లాడుకుందాం.

మా చేజర్ల వైపు చాలామంది ఫోన్లో రెండు సిమ్‌లు పెడతారు, ఒక్కో కంపెనీది ఒక్కోటి. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందిలే అని ధైర్యం. (చేజర్ల అనగానే కపోతేశ్వరాలయం గుర్తొచ్చేవాళ్లకి ఒక మాట: అది పల్నాడు చేజర్ల. మాది నెల్లూరు జిల్లా, ఆత్మకూరు దగ్గర.) కానీ గాలివానకి కరెంటు పోయిందనుకోండి, కాసేపటికి రెండు సిమ్‌లూ కలిసే పోతాయి. ఎట్టా? ఎందుకంటే ఆ రెండు కంపెనీలూ ఒకే టవర్ మీద అద్దెకుంటాయి.

అవును, అద్దెకే. మీ సిమ్ కంపెనీకి ఆ టవర్ సొంతం కాకపోవచ్చు. భారతి, వొడాఫోన్, ఐడియా కలిసి 2007లో ఇండస్ టవర్స్ పెట్టాయి. బయట బద్ధ శత్రువులు, టవర్ దగ్గర మాత్రం భాగస్తులు. ఆ ఇండస్, భారతి ఇన్‌ఫ్రాటెల్‌తో 2020 నవంబర్‌లో కలిసిపోయింది. జియో టవర్లు కూడా విడిగా ఒక ట్రస్ట్ చేతికి వెళ్లాయి. దాని వెనక ఉన్నది కెనడా కంపెనీ బ్రూక్‌ఫీల్డ్. అందులో జియో 30 ఏళ్ల ఒప్పందం మీద ప్రధాన కిరాయిదారు.

వాటాలకిచ్చిన ఇల్లు ఊహించుకోండి. ఒకే డాబా, మూడు వాటాలు, పైన ఒకటే నీళ్ల ట్యాంకు. టవర్ కూడా అంతే. మొదట రెండు కంపెనీల మధ్య మాస్టర్ సర్వీస్ అగ్రిమెంట్ అని ఒక పెద్ద ఒప్పందం ఉంటుంది. దాని కింద ఒక్కో సైట్‌కి ఒక్కో చిన్న ఆర్డర్. ఏ ఎత్తులో ఎన్ని యాంటెన్నాలు, వాటి బరువెంత, గాలి తగిలే వైశాల్యం ఎంత, కింద క్యాబినెట్‌కి ఎంత జాగా, ఎన్ని కిలోవాట్లు వాడుకోవచ్చు, అన్నీ రాసుకుంటారు. రెండో కిరాయిదారు వస్తే అద్దెలో డిస్కౌంట్ ఉంటుంది. అందుకే పల్లెల్లో షేరింగ్ లేకపోతే చాలా టవర్లు లేచేవే కాదు, ఈ క్రెడిట్ ఇవ్వాల్సిందే. అయితే రాసుకున్న లోడ్ దాటి కొత్తగా 5జీ యాంటెన్నా తగిలించాలంటే మళ్లీ చార్జీ. ‘మా ఊరికి 5జీ ఎప్పుడన్నా?’ అనే ప్రశ్నకి సగం జవాబు ఇక్కడుంది.

ఇప్పుడు నీళ్ల ట్యాంకు సంగతి, అంటే బ్యాటరీ. సైట్‌లో పరికరాలన్నీ 48 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. కరెంటు పోతే బ్యాటరీ, అదీ దిగితే డీజిల్ జనరేటర్ (ఉంటే). బ్యాటరీ ఒక స్థాయికి పడిపోగానే పవర్ సిస్టం దానంతటదే లోడ్ తగ్గిస్తుంది. మామూలుగా ముందు రేడియోలు ఆపి, ట్రాన్స్‌మిషన్ పరికరాన్ని చివరిదాకా బతికిస్తుంది. ఎందుకంటే ఈ టవర్ మీదుగా పక్క ఊరి టవర్‌కి కూడా లింక్ వెళ్తుండొచ్చు. ఇది ఆగితే, కరెంటున్న పక్క ఊళ్లో కూడా సిగ్నల్ పోతుంది.

మరి డీజిల్ ఎవరు పోయాలి? పోసేది టవర్ కంపెనీ, డబ్బు ఎవరిదన్నదే అసలు బేరం. అయిన ఖర్చంతా ఆపరేటర్ దగ్గర వసూలు చేసుకోవడం ఒక పద్ధతి. నెలకింత అని ఫిక్స్ చేసుకోవడం ఇంకో పద్ధతి. ఫిక్స్‌డ్ అయితే ఆదా చేసిన ప్రతి లీటరూ టవర్ కంపెనీకి లాభం. అది మరీ పిసినారితనం చేయకుండా అప్‌టైమ్ క్లాజు పెడతారు. 99.95 శాతం అని రాసుకుంటే, నెలకి దాదాపు 22 నిమిషాలు మించి ఆగకూడదు, ఆగితే పెనాల్టీ. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా? కానీ ఆ లెక్క ఒక్కో టవర్‌కా, సర్కిల్ మొత్తం సగటుకా అన్నది చూడాలి. సగటైతే ఆంధ్ర, తెలంగాణ కలిసిన సర్కిల్‌లో చేజర్ల ఆరు గంటలు ఎవరికీ కనపడవు. పైగా ప్రకృతి వైపరీత్యం క్లాజు ఉంటే తుఫాను రోజులు లెక్కలోకే రావు.

ఆ పెనాల్టీ కూడా ఆపరేటర్‌కి వెళ్తుంది, మనకి కాదు. మన కోసం ట్రాయ్ 2024లో ఒక రూల్ తెచ్చింది: 24 గంటలు దాటి సర్వీస్ ఆగితే పోస్ట్‌పెయిడ్ వాళ్లకి బిల్లులో తగ్గింపు, ప్రీపెయిడ్ వాళ్లకి వ్యాలిడిటీ పొడిగింపు. అయితే ఆ ఆగడం జిల్లా స్థాయిలో ఉండాలి, ప్రకృతి వైపరీత్యాలకి మినహాయింపు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ వచ్చినప్పుడు నెల్లూరు ఎలా తడిసిందో చూశాం. మనకి అంత పెద్ద దెబ్బ తగిలేది తుఫాన్లకే, అదే మినహాయింపు! నాకైతే ఈ రూల్ మండలం స్థాయికి దిగాలనిపిస్తుంది.

లాకిన్ గురించి కూడా చెప్పి తీరాలి. కిరాయిదారు మధ్యలో ఖాళీ చేస్తే ఎగ్జిట్ చార్జీ కట్టాలి. కానీ కిరాయిదారే దివాలా తీస్తే? 2010లో జీటీఎల్ ఇన్‌ఫ్రా, ఎయిర్‌సెల్ దగ్గర 17,500 టవర్లు 8,400 కోట్లకి తీసుకుంది. 2018లో ఎయిర్‌సెల్ దివాలాకి వెళ్లింది. కాగితం మీద క్లాజులు అలాగే ఉన్నాయి, టవర్లు మాత్రం వేల సంఖ్యలో ఖాళీ అయ్యాయి. మీ పొలంలో టవర్‌కి జాగా అడిగితే, మీ అద్దె ఒప్పందంలో ‘ఖాళీ అయితే ఎవరు విప్పి తీసుకెళ్లాలి, ఎన్ని రోజుల్లో’ అన్న లైను ఉందో లేదో నాన్నతో కూర్చుని చదవండి. ఎన్ని కంపెనీలు పైకెక్కినా భూమి అద్దె మారదని రాసి ఉందేమో కూడా చూడండి.

ఇంకో రకం షేరింగ్ ఉంది. 2025 జనవరిలో కేంద్రం, ప్రభుత్వ నిధితో కట్టిన సుమారు 27,000 4జీ టవర్ల మీద బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో కస్టమర్లు ఒకరి నెట్‌వర్క్ ఒకరు వాడుకునేలా ఇంట్రా సర్కిల్ రోమింగ్ మొదలుపెట్టింది. ఇది కవరేజీకి మంచిదే. ఆ టవరే ఆగితే మాత్రం ముగ్గురూ పోతారు.

కాబట్టి రెండో సిమ్ తీసుకునే ముందు ఒక పని. తరంగ్ సంచార్ వెబ్‌సైట్ తెరిచి మీ ఊరు పెట్టండి. చుట్టూ ఉన్న టవర్లు, వాటి మీద ఏ ఆపరేటర్లు ఉన్నారో చూపిస్తుంది. మీ మొదటి సిమ్ కంపెనీ ఏ టవర్ మీద ఉందో చూసి, వేరే టవర్ మీద ఉన్న కంపెనీది రెండోది తీసుకోండి. రెండూ ఒకే చుక్క మీద ఉంటే, ఆ రెండో రీఛార్జ్ డబ్బు వేరేదానికి వాడుకోండి.