ఆస్పిరిన్ పనిచేస్తోందా? ప్లేట్‌లెట్లే చెప్పాలి

గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్ళ మందుల డబ్బాలో 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్ర సాధారణంగా ఉంటుంది. రోజూ వేసుకుంటున్నా కొందరికి మళ్ళీ గుండెపోటు వస్తుంది. మరి ఆ మాత్ర వాళ్ళ ఒంట్లో పనిచేయలేదా? కోల్‌కతాలోని సిన్హా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్స్ అండ్ టెక్నాలజీలో ఎ.కె. సిన్హా బృందం ఈ ప్రశ్న మీద పనిచేసింది. గుండెపోటు రోగుల రక్తంలో ఉండే డెర్మ్‌సిడిన్ అనే ప్రోటీన్ రూపం ఒకటి ప్లేట్‌లెట్ల మీద ఆస్పిరిన్ ప్రభావాన్ని వమ్ము చేస్తోందని 2014లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ప్రకటించింది. ఇలాంటి మాట తేల్చాలంటే ముందు ప్లేట్‌లెట్ల ప్రవర్తనను కొలవగలగాలి.

మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ప్లేట్‌లెట్లు ఉంటాయి. రక్తనాళానికి గాయమైతే అవి అక్కడ అతుక్కుని, థ్రాంబాక్సేన్ అనే రసాయనాన్ని వదిలి తోటి ప్లేట్‌లెట్లను పోగుచేస్తాయి. ఆ ముద్ద గుండె రక్తనాళాన్ని మూసేస్తే గుండెపోటు వస్తుంది. అరాకిడోనిక్ ఆమ్లం నుంచి థ్రాంబాక్సేన్‌ను తయారుచేయడానికి కాక్స్-1 అనే ఎంజైమ్ కావాలి. ఆస్పిరిన్ ఆ ఎంజైమ్‌కు ఒక అసిటైల్ ముక్క తగిలించి, దాన్ని శాశ్వతంగా పనికిరాకుండా చేస్తుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు కనుక కొత్త ఎంజైమ్‌ను తయారుచేసుకోలేదు. బతికే ఏడు నుంచి పది రోజులూ అలాగే ఉండిపోతుంది. ఆస్పిరిన్ మాత్రం రక్తంలో సగానికి తగ్గడానికి ఇరవై నిమిషాలే పడుతుంది. అందుకే రక్తంలో మందు ఎంతుందో చూస్తే ఏమీ తెలియదు. ప్లేట్‌లెట్‌నే పరీక్షించాలి.

ఆ దారి చూపినది శాస్త్రవేత్త గుస్తావ్ బోర్న్. 1962లో ఆయన వివరించిన పద్ధతే నేటికీ ప్రామాణికం. సిట్రేట్ ఉన్న గొట్టంలోకి తీసిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో నెమ్మదిగా తిప్పితే ఎర్రకణాలు అడుగుకు దిగి, పైన ప్లేట్‌లెట్లతో నిండిన ప్లాస్మా మిగులుతుంది. అది పలచటి మజ్జిగలా మసకగా ఉంటుంది. దాన్ని 37 డిగ్రీల వేడిలో కలియబెడుతూ కాంతి పంపిస్తారు. ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టే రసాయనం వేయగానే అవి ముద్దకట్టి ప్లాస్మా తేటపడుతుంది, ఎక్కువ కాంతి బయటికి వస్తుంది. ఆ పెరుగుదలే గ్రాఫులో గీతగా నమోదవుతుంది.

ఒక గొట్టంలో అరాకిడోనిక్ ఆమ్లం, ఇంకో గొట్టంలో ఏడీపీ వేస్తారు. ఆస్పిరిన్ పట్టిన ప్లేట్‌లెట్లకు మొదటి గొట్టంలో ముద్దకట్టే శక్తి ఉండదు, గీత 20 శాతం దాటదు. రెండో గొట్టంలో మాత్రం బాగానే ముద్దకడతాయి, ఎందుకంటే ఏడీపీ వేరే దారిలో పనిచేస్తుంది. అంటే ప్లేట్‌లెట్లు సజీవంగానే ఉన్నాయి, మూతపడింది ఆస్పిరిన్ దారి ఒక్కటే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1929లో సైరస్ ఫిస్కేతో కలిసి వెలికితీసిన ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటు తగ్గితే మిగిలేదే ఈ ఏడీపీ.

పరీక్ష సులువుగా కనిపించినా పొరపాట్లకు ఆస్కారం ఎక్కువ. ఇంటికొచ్చి రక్తం తీసుకుని ఐస్ బాక్సులో పెట్టుకెళ్తే చాలు, ఫలితం చెడిపోయినట్టే. చలికి ప్లేట్‌లెట్లు వాటంతటవే రెచ్చిపోతాయి. గది ఉష్ణోగ్రతలోనే ఉంచి, గట్టిగా కుదపకుండా, నాలుగు గంటల్లోపు పరీక్ష ముగించాలి.

మాత్ర పనిచేయలేదని తేలినా తొందరపడకూడదు. చాలాసార్లు అసలు కారణం మాత్ర మరిచిపోవడమే. నొప్పులకు ఇబుప్రొఫెన్ ముందుగా వేసుకున్నా అది కాక్స్-1లో ఆస్పిరిన్ చోటు ఆక్రమిస్తుంది. కడుపులో మంట రాకుండా పైపూత వేసిన మాత్రలు కొందరిలో ఆలస్యంగా, తక్కువగా ఇంకుతాయి. 2013లో అమెరికాలో 400 మంది ఆరోగ్యవంతులను పరీక్షించినప్పుడు, మొదట లొంగనట్టు కనిపించినవారిలో నిజంగా ఆస్పిరిన్‌కు లొంగనివారు ఒక్కరూ తేలలేదు. కోల్‌కతా బృందం చూపినట్టు రోగి రక్తంలోని మార్పులూ కారణం కావచ్చు గానీ, ఆ ఫలితం ఇంకా రోజువారీ వైద్యంలోకి రాలేదు.

అందుకే వైద్య మార్గదర్శకాలు ఈ పరీక్షను అందరికీ చేయించమని చెప్పవు. మీరు ఆస్పిరిన్ వాడుతుంటే, వేసుకునే నొప్పి మాత్రల సంగతి మీ డాక్టరుకు తప్పక చెప్పండి. ఏ రిపోర్టు చూసీ సొంతంగా మాత్ర మానకండి, రెండేసి వేసుకోకండి.