గుడారాలను తిన్న బూజు: సెల్యులోజ్‌ను చక్కెరగా మార్చే ఎంజైముల ఉమ్మడి పని

వరి కోసి నూర్చాక గింజ మనిషికి, గడ్డి పశువుకి చేరుతుంది. ఈ పంపకం మనకు ఎంత అలవాటైపోయిందంటే, దాని వెనక ఉన్న రసాయన విచిత్రం మన దృష్టికి రాదు. బియ్యంలోని పిండిపదార్థమూ గడ్డిలోని సెల్యులోజూ రెండూ గ్లూకోజు అణువులను గొలుసుగా కూర్చి చేసినవే. తేడా అంతా ఆ కూర్పులో ఉంది. పిండిలో గ్లూకోజులను కలిపేది ఆల్ఫా బంధం. ఆ గొలుసు మెలికలు తిరిగి వదులుగా ఉంటుంది. సెల్యులోజ్‌లో ఉన్నది బీటా బంధం. ఇందులో ప్రతి గ్లూకోజూ పక్కదానికి తిరగేసినట్టు అమరుతుంది, అందువల్ల గొలుసు తిన్నగా సాగుతుంది. తిన్నని గొలుసులు పక్కపక్కనే చేరి, హైడ్రోజన్ బంధాలతో పెనవేసుకుని, నీరు కూడా చొరలేని స్ఫటికపు పోగులవుతాయి. మన లాలాజలంలోని ఎంజైము ఆల్ఫా బంధాన్ని తెంచగలదు, బీటా బంధాన్ని తెంచలేదు. ఆ మాటకొస్తే గేదె కూడా గడ్డిని స్వయంగా అరిగించుకోలేదు. దాని పొట్టలో కాపురముండే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి.

ఎంజైముల సాయం లేకుండా, మామూలు ఉష్ణోగ్రత వద్ద నీటిలో ఈ బంధాలలో సగం తెగడానికి దాదాపు 50 లక్షల సంవత్సరాలు పడుతుందని ఒక అంచనా. అయినా అడవిలో కూలిన మాను కొన్నేళ్ళకే మట్టిలో కలిసిపోతుంది. లక్షల ఏళ్ళ పనిని ఏళ్ళలోకి కుదించేవాటిలో శిలీంధ్రాలు ముఖ్యమైనవి. అవి ఆ పని ఎలా చేస్తాయో మనకు తెలిసిన దానిలో పెద్ద భాగం, అమెరికా సైన్యానికి ఎదురైన ఒక చికాకు నుంచి మొదలైంది.

బూగెన్‌విల్ నుంచి నేటిక్‌కు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో దక్షిణ పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికుల నూలు గుడారాలు, బట్టలు, బెల్టులు అంతుచిక్కని వేగంతో చివికిపోయేవి. దీనికి కారణమైన జీవులను వెతకడానికి సైన్యపు క్వార్టర్‌మాస్టర్ విభాగం పూనుకుంది. సాలమన్ దీవుల్లోని బూగెన్‌విల్‌లో చివికిన గుడారపు గుడ్డ నుంచి 1944లో వేరుచేసిన ఒక ఆకుపచ్చ బూజుకు క్యూ.ఎమ్. 6ఎ అని సంఖ్య ఇచ్చారు. క్యూ.ఎమ్. అంటే క్వార్టర్‌మాస్టరే. మొదట దాన్ని ట్రైకోడెర్మా విరిడి అనుకున్నారు. మన రైతులు విత్తనశుద్ధికి వాడే ట్రైకోడెర్మా విరిడి పేరే ఇది. తరువాత ఇది వేరే జాతి అని తేలింది. దాన్ని దశాబ్దాల పాటు పరిశోధించిన ఎల్విన్ రీస్ గౌరవార్థం 1977లో ట్రైకోడెర్మా రీసై అని పేరు పెట్టారు.

1954లో ఈ పరిశోధన మాసచూసెట్స్‌లోని నేటిక్‌కు మారింది. అక్కడ రీస్, మేరీ మాండెల్స్ కలిసి పనిచేశారు. మొదట్లో వారి లక్ష్యం గుడ్డను బూజు నుంచి కాపాడటం. 1973 చమురు సంక్షోభం తరువాత ఆ లక్ష్యం తలకిందులయింది. గుడ్డను ఇంత చక్కగా చక్కెరగా మార్చే జీవి చేతిలో ఉండగా, చెత్తకాగితాన్నీ పంటవ్యర్థాలనూ చక్కెరగా, ఆపైన ఇంధనంగా మార్చలేమా అన్నది కొత్త ప్రశ్న.

ఒక్కరి వల్ల కాని పని

రీస్, ఆయన సహచరులు 1950లో ఒక ప్రతిపాదన చేశారు. రసాయనికంగా వదులుచేసి నీటిలో కరిగేలా మార్చిన సెల్యులోజ్‌ను ఎన్నో సూక్ష్మజీవులు తినగలవు. కాని దూదిలాంటి స్ఫటిక సెల్యులోజ్‌ను తినగలిగేవి కొన్నే. కాబట్టి ముందు స్ఫటికాన్ని సడలించే అంశం ఒకటి, సడలిన గొలుసును తెంచే అంశం మరొకటి ఉండాలని వారు తర్కించారు. మొదటిదానికి సి1 అని, రెండవదానికి సిఎక్స్ అని పేరు పెట్టారు.

తరువాతి దశాబ్దాలలో ఈ బూజు స్రవించే ద్రవాన్ని విడదీసి చూస్తే, అందులో తలొక పని చేసే ఎంజైములు కనిపించాయి. ఎండోగ్లూకనేజులు గొలుసు మధ్యలో, పోగు కాస్త వదులుగా ఉన్నచోట తెంచుతాయి. తెగిన ప్రతిచోటా రెండు కొత్త కొసలు పుడతాయి. సెల్లోబయోహైడ్రొలేజులు ఆ కొసలను పట్టుకుని గొలుసు వెంట నడుస్తూ, రెండేసి గ్లూకోజుల జంటలను, అంటే సెల్లోబయోజును, కోస్తూ పోతాయి. వీటిలో సెల్7ఎ గొలుసుకు ఒక కొస నుంచి బయలుదేరితే, సెల్6ఎ రెండవ కొస నుంచి బయలుదేరుతుంది. చివరగా బీటా గ్లూకోసిడేజు ఆ జంటను రెండు గ్లూకోజులుగా విడగొడుతుంది.

బూజు స్రవించే ప్రొటీన్‌లో సగానికి పైగా సెల్7ఎ ఒక్కటే ఉంటుంది. దాని నిర్మాణాన్ని 1994లో స్వీడన్‌లోని ఉప్సాల పరిశోధకులు వెల్లడించారు. అందులో దాదాపు 5 నానోమీటర్ల పొడవున్న సొరంగం ఉంది. సెల్యులోజ్ గొలుసు సూదిలోకి దారం ఎక్కినట్టు ఆ సొరంగంలోకి దూరుతుంది. అవతలి కొసన బంధం తెగి జంట బయటపడుతుంది, ఎంజైము ఒక అడుగు ముందుకు జరుగుతుంది. గొలుసును వదలకుండా నడవడం దీని బలం. బలహీనత కూడా అదే. దారిలో అడ్డం వస్తే పక్కకు తప్పుకోలేదు.

దీన్ని కళ్ళారా చూసినవారు టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన ఇగరాషి బృందం. అతివేగపు పరమాణుబల సూక్ష్మదర్శినితో వారు 2011లో చూపిన దృశ్యాలలో సెల్7ఎ అణువులు సెల్యులోజ్ ఉపరితలం మీద సెకనుకు కొన్ని నానోమీటర్ల వేగంతో సాగుతూ, ముందున్నది ఆగితే వెనకవన్నీ ఆగిపోయాయి. అచ్చం కూడలిలో వాహనాలు నిలిచిపోయినట్టే. సెల్6ఎ కూడా తోడైనప్పుడు కదలిక పెరిగింది. రెండు ఎంజైములు కలిసి చేసే పని, విడివిడిగా చేసే పనుల మొత్తాన్ని మించడానికి ఇది ఒక కారణం. ఒకటి రెండవదానికి దారి తీస్తుంది.

బీటా గ్లూకోసిడేజు పాత్ర చిన్నదిగా కనిపిస్తుంది కాని, అది లేకపోతే మొత్తం పని కుంటుపడుతుంది. సెల్లోబయోజు పేరుకుంటే అది సెల్7ఎ సొరంగపు మూతి దగ్గరే తిష్ఠవేసి దాన్ని అడ్డగిస్తుంది. ట్రైకోడెర్మా ఈ ఎంజైమును తక్కువగా స్రవిస్తుంది. ఆ లోటును ఆస్పర్‌జిల్లస్ అనే మరో శిలీంధ్రం నుంచి తీసిన ఎంజైముతో పూడ్చడం పరిశ్రమలో పరిపాటి.

అరవై ఏళ్ళకు దొరికిన జవాబు

మరి రీస్ ఊహించిన సి1 ఏది? కొంతకాలం సెల్లోబయోహైడ్రొలేజే అది అనుకున్నారు. అయితే జి.హెచ్. 61 అనే తరగతి ప్రొటీన్లు పరిశోధకులను తికమక పెట్టేవి. విడిగా అవి దాదాపు ఏ పనీ చేయవు. కాని కాలిఫోర్నియాలోని డేవిస్‌లో నోవోజైమ్స్ పరిశోధకులు 2010లో చూపినట్టు, మిగతావాటితో కలిపితే పంటవ్యర్థాలను కరిగించే వేగం పెరుగుతుంది. అదే ఏడాది నార్వే బృందం ఒకటి, కైటిన్ మీద పనిచేసే ఇలాంటి ప్రొటీన్ నీటితో కాక ఆక్సీకరణ ద్వారా గొలుసును తెంచుతుందని నిరూపించింది. జి.హెచ్. 61 ప్రొటీన్లు కూడా రాగి అయాన్ సాయంతో ఇదే తరహాలో సెల్యులోజ్‌ను తెంచుతాయని 2011లో తేలింది. వీటి క్రియాస్థానం లోతైన గుంట కాదు, చదునైన తలం. అందుకే గొలుసును బయటికి లాగకుండానే, స్ఫటికం ఉపరితలం మీదే తెంచగలవు. సి1 వర్ణనకు ఇంత దగ్గరగా వచ్చిన ఎంజైము అంతకుముందు లేదు.

ఈ బృందాన్ని బూజు ఎప్పుడు పనిలోకి దింపుతుందన్నది మరో ఆసక్తికరమైన విషయం. తేలిగ్గా గ్లూకోజు దొరుకుతుంటే ఇన్ని ఎంజైములు తయారుచేయడం దండగ. అందుకని గ్లూకోజు ఉన్నంతసేపూ సంబంధిత జన్యువులు అణిగి ఉంటాయి. ఆ అణచివేతను చాలావరకు తప్పించుకున్న రూట్ సి30 అనే ఉత్పరివర్తనాన్ని న్యూజెర్సీలోని రట్‌గర్స్ విశ్వవిద్యాలయంలో మాంటెనెకోర్ట్, ఎవెలీ 1979లో ప్రకటించారు. నేటి పారిశ్రామిక రకాలు లీటరుకు 100 గ్రాముల దాకా ప్రొటీన్ స్రవించగలవని చెబుతారు. ఇంతటి ఘనాపాటికి సెల్యులోజ్‌ను తెంచే జన్యువులు ఎన్నో ఉంటాయనుకున్నారు. 2008లో జన్యుపటం వెలువడ్డాక, సాటి శిలీంధ్రాల కంటే తక్కువే ఉన్నాయని తెలిసి ఆశ్చర్యపోయారు. ఉన్న కొద్దిపాటి ఎంజైములనే విస్తారంగా స్రవించడంలో దాని బలముంది.

ఐయోవా పొలాల్లో

2007లో అమెరికా చట్టసభ, 2022 నాటికి ఏటా 1600 కోట్ల గ్యాలన్ల సెల్యులోజ్ ఇంధనం వాడాలని లక్ష్యం పెట్టింది. 2014లో ఐయోవాలోని ఎమ్మెట్స్‌బర్గ్‌లో పోయెట్ డి.ఎస్.ఎమ్., కాన్సస్‌లోని హ్యూగటన్‌లో అబెంగోవా, 2015లో ఐయోవాలోని నెవాడాలో డ్యూపాంట్ పెద్ద కర్మాగారాలు ప్రారంభించాయి. 2019 ముగిసేలోగా మూడింటిలోనూ ఇథనాల్ ఉత్పత్తి ఆగిపోయింది. లక్ష్యంలో చిన్న అంశం కూడా నెరవేరలేదు.

ఈ వైఫల్యానికి ఎంజైములనే నిందించడం సరికాదు. మొక్కజొన్న చొప్పతోపాటు మన్నూ ఇసుకా వచ్చి యంత్రాలను అరగదీశాయి. సెల్యులోజ్ చుట్టూ అల్లుకున్న లిగ్నిన్ ఎంజైములకు దారి ఇవ్వదు, పైగా వాటిని తనకు అంటించుకుని పనికిరాకుండా చేస్తుంది. అందుకని ముందుగా చొప్పను ఆవిరితోనో ఆమ్లంతోనో ఉడికించాలి, దానికి ఖర్చవుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే చమురు ధర పడిపోయింది.

ప్రశ్న మాత్రం అమెరికాతో ఆగలేదు. ఉత్తర భారతంలో ఏటా వరి కొయ్యకాళ్ళు తగలబెట్టి ఢిల్లీని పొగలో ముంచే చోటికి చేరువలో, హర్యానాలోని పానిపట్‌లో వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే ఇండియన్ ఆయిల్ కర్మాగారం 2022లో ప్రారంభమైంది. దాని సామర్థ్యం ఏటా 2 లక్షల టన్నుల గడ్డి, 3 కోట్ల లీటర్ల ఇథనాల్. ఐయోవాలో ఎదురైన చిక్కులు అక్కడా ఎదురు కాకమానవు. గడ్డి పోగుచేయడం, మన్ను దులపడం, లిగ్నిన్‌ను తప్పించడం అన్నీ కుదిరితేనే ఎంజైములకు చేతినిండా పని ఉంటుంది. అడవిలో ఈ పనులన్నీ ఎన్నో జీవులు పంచుకుని, తొందరలేకుండా చేస్తాయి. కర్మాగారంలో అదే పనిని కొన్ని రోజుల్లో, పెట్రోలు ధరకు దీటుగా పూర్తి చేయాలి. ఇప్పటికి తేలని సమస్య అదే.