కరగని రాగి మూస

టైటానియం కరగాలంటే 1668 డిగ్రీల సెల్సియస్ కావాలి. అంత వేడి పుట్టించడం కష్టం కాదు, దేంట్లో కరిగించాలన్నదే తలనొప్పి. పింగాణీ మూసలో పోస్తే ద్రవ టైటానియం మూసలోని ఆక్సిజన్‌నే లాక్కుని పెళుసుబారుతుంది. గ్రాఫైటు మూసైతే కార్బన్ ఎక్కుతుంది.

చివరికి పనికొచ్చింది 1085 డిగ్రీలకే కరిగిపోయే రాగి! మూస గోడల వెనక నీళ్ళు పారుతుంటే, రాగిని తాకిన లోహం అక్కడికక్కడే గడ్డకట్టి పలచని పొర అవుతుంది. మిగతా ద్రవం ఆ పొర మీదే నిలుస్తుంది. అంటే లోహానికి లోహమే పాత్ర.

1903లో బెర్లిన్‌లోని సీమెన్స్ హాల్స్కె సంస్థలో వెర్నర్ ఫాన్ బోల్టన్ శూన్యంలో విద్యుత్తుతో టాంటలాన్ని కరిగించి, తీగ సాగే శుద్ధ లోహం తీశాడు. ఆ తీగలు బల్బుల్లో వెలిగాయి. నీళ్ళతో చల్లబరిచిన రాగి మూసలో, ఆర్గాన్ వాయువు నడుమ విద్యుత్ ఆర్క్‌తో టైటానియం కరిగించే తీరును లక్సెంబర్గ్ వాసి విలియం క్రోల్ 1940లో ప్రకటించాడు. జర్మన్ సైన్యం తన దేశంలో అడుగుపెట్టే లోపు ఆయన అమెరికా చేరుకున్నాడు.

2004లో తైవాన్‌లో యే, ఇంగ్లండ్‌లో కాంటర్ విడివిడిగా హై ఎంట్రపీ మిశ్రలోహాలను లోకానికి పరిచయం చేశారు. అయిదారు లోహాలు ఇంచుమించు సమపాళ్ళలో కలిసే ఈ కొత్త సంతానానికి ఆర్క్ కొలిమే పురిటిగది అయింది. యే, రంగనాథన్‌లతో కలిసి వీటిపై 2014లో పుస్తకం రాసిన బి.ఎస్. మూర్తి తర్వాత ఐఐటీ హైదరాబాద్ డైరెక్టరయ్యారు.

ప్రయోగశాల కొలిమిలో రాగి పళ్ళెం గుంతపొంగణాల పెనంలాగే ఉంటుంది. గాలి లాగేసి ఆర్గాన్ నింపుతారు. ముందుగా ఒక గుంతలోని టైటానియం ముక్కను టంగ్‌స్టన్ కడ్డీ ఆర్క్‌తో కరిగిస్తారు. అది మిగిలిన ఆక్సిజన్‌ను మింగేశాకే అసలు లోహాల వంతు. గడ్డకట్టిన బిళ్ళను తిరగేసి మళ్ళీ మళ్ళీ కరిగిస్తే గాని లోహాలన్నీ సమంగా కలవవు.

ఇంత చేసినా ఈ కొలిమి కొత్త మలినాన్ని రానివ్వదు, అంతే. ముడిలోహంతో వచ్చినదాన్ని తీయడం దీనికి చేతకాదు. ఉక్కులో ఇనుమే యజమాని కాబట్టి ఆక్సిజన్ ఊది అనవసరమైన కార్బన్‌ను కాల్చేయవచ్చు. క్రోమియం, మాంగనీసు, ఇనుము, కోబాల్ట్, నికెల్ కలిసిన కాంటర్ లోహంలో అదే పని చేస్తే మాంగనీసు, క్రోమియం కాలిపోతాయి. పోనీ శూన్యంలో మలినాలను ఆవిరి చేద్దామంటే ముందు మాంగనీసే లేచిపోతుంది! నా దృష్టిలో ఈ అయిదింటిలో పేచీకోరు అదే. గంధకాన్నీ ఆక్సిజన్‌నూ వెంట తెచ్చేది, వాటితో కలిసి లోహంలో నలుసులుగా మిగిలేదీ అదే. అందుకే చాలాచోట్ల మాంగనీసు పెచ్చులను పలచటి నత్రికామ్లంలో కడిగి, ఆక్సైడు పొర వదిలించాకే తూకం వేస్తారు. ఆవిరయ్యే వాటాకు కాస్త మొగ్గు కూడా వేస్తారు.

పెద్ద దిమ్మెల్లో గంధకం వదిలించేందుకు ఎలక్ట్రోస్లాగ్ పద్ధతి ఉంది. కాల్షియం ఫ్లోరైడు, సున్నం, అల్యూమినా కలిసి కరిగిన చిట్టెం గుండా లోహం చుక్కలు చుక్కలుగా దిగుతుంటే గంధకం చిట్టెంలోకి జారుకుంటుంది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని లోహ కర్మాగారంలో సూపర్ అల్లాయ్‌ల కోసం నడిచే ఎలక్ట్రోస్లాగ్ కొలిమి ఈ తరహాదే. అందులోనూ మూస రాగిదే, వెనక పారేవి నీళ్ళే.