సైకిల్ లేని పిల్లాడికి సొల్యూషన్ ఎందుకు?

పంక్చర్ అతికే సొల్యూషన్ ట్యూబు కొన్ని రూపాయలకే దొరుకుతుంది. అడగడానికి వచ్చినవాడు పదేళ్ల పిల్లాడైతే, వెంట సైకిలేమీ లేకపోతే దుకాణదారు ఏం చేయాలి? బిలాస్‌పూర్‌ను ఆనుకుని ఉన్న తిఫ్రా లాంటి చోట ఇది చిన్న ప్రశ్నేమీ కాదు. రాయ్‌పూర్ రోడ్డు, పారిశ్రామికవాడ, కూరగాయల మండీ, బస్టాండు. ఇలాంటి చోట జిగురు, థిన్నర్ లేకుండా పూట గడవదు. సారా దుకాణంలా వాటికి తాళం వేయడమూ కుదరదు.

పైగా బిలాస్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్రం కూడా ఇదే. పెద్ద జంక్షన్ అన్నాక, ఇల్లు వదిలి రైలెక్కిన పిల్లలు కొందరైనా దిగుతారు. ఆకలినీ భయాన్నీ కాసేపు మరిపించే మత్తుల్లో అన్నిటికన్నా చవకైంది ఈ ట్యూబే.

చవకే గానీ ప్రమాదం తక్కువేం కాదు. టొలుయీన్ వంటి ద్రావకాల ఆవిరి ఊపిరితిత్తుల నుంచి క్షణాల్లో మెదడుకు చేరుతుంది. గుండె లయ తప్పి, మొదటిసారి పీల్చినప్పుడే ప్రాణం పోవచ్చు. ఏళ్ల తరబడి అలవాటైతే మెదడూ నరాలూ దెబ్బతింటాయి.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడానికి లేదు. సీసాల్లో వచ్చే వైట్‌నర్, దాని థిన్నర్ అమ్మకాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ 2012లో నిషేధించింది. కొద్దికొద్దిగా మాత్రమే బయటికొచ్చే పెన్ను రూపంలో, హెచ్చరికతో అమ్ముకోవచ్చంది. ఆఫీసు గుమాస్తాకు ఇబ్బంది కలగలేదు, సీసా పోయింది. మంచి ఆలోచనే. కానీ పంక్చర్ సొల్యూషన్‌ను పెన్నులో పోసి ఇవ్వలేరు కదా!

అసలు చిక్కు చట్టంలో ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి, నల్లమందు వస్తాయి గానీ జిగురు రాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 77వ సెక్షన్ పిల్లలకు మత్తు ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అంటుంది. అయితే అందులో రాసింది మద్యం, పొగాకు, మాదకద్రవ్యాలు, మనోప్రభావక పదార్థాలనే. సొల్యూషన్ పేరు లేదు. ఆ పిల్లాడు మాత్రం చట్టం దృష్టిలో నేరస్థుడు కాదు, సంరక్షణ అవసరమైన బాలుడు. పోలీసు లాఠీ కాదు, బాలల సంక్షేమ కమిటీ అతనికి దారి.

సమస్య ఎంతన్నది చాలాకాలం ఎవరూ లెక్కించలేదు. పిల్లల్లో మత్తు వాడకంపై జాతీయ సర్వే జరపాలని 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎయిమ్స్ నిపుణుల సర్వే ఫలితాలు 2019లో వెలువడ్డాయి. మిగతా మత్తులన్నీ పెద్దల్లోనే ఎక్కువ. పీల్చే మత్తు ఒక్కటే అందుకు విరుద్ధం: పెద్దల్లో 0.58 శాతం, 10-17 ఏళ్లవారిలో 1.17 శాతం. చికిత్సో, సాయమో కావలసిన పిల్లలు సుమారు 4.6 లక్షలు.

ఆ తర్వాత 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో నషా ముక్త్ భారత్ అభియాన్ మొదలైంది. ర్యాలీలు, ప్రతిజ్ఞలు, 14446 హెల్ప్‌లైన్. బడిలో ప్రతిజ్ఞ చేసేది బడికొచ్చే పిల్లాడు. ప్లాట్‌ఫాం మీద ఉన్నవాడిని పలకరించేవారు వేరే కావాలి. అందుకు రైల్వే శాఖ 2015లోనే నియమావళి రూపొందించి, స్టేషన్లలో బాలల సహాయ కేంద్రాలు పెట్టించింది. అయితే తిఫ్రా స్టేషన్ ఆవరణ కాదు. ప్లాట్‌ఫాం దాటి రోడ్డెక్కిన పిల్లాడు ఆ కేంద్రానికి కనిపించడు.

ఆస్ట్రేలియా మరో దారి పట్టింది. పెట్రోలు పీల్చే అలవాటు ప్రబలిన ఆదివాసీ ప్రాంతాల్లో 2005 నుంచి మత్తెక్కించే పదార్థాలు బాగా తగ్గించిన ఇంధనం అమ్మించింది. వాహనాలు నడిచాయి, పీల్చేవారు బాగా తగ్గారు. మన దగ్గర జిగురు తయారీదారులను ఆ మాట గట్టిగా అడిగినవారు కనిపించరు.

బ్రిటన్ అయితే దుకాణదారునే నిలదీసింది. పీల్చడానికేనని తెలిసినా, అనుమానించే కారణమున్నా పద్దెనిమిదేళ్లలోపు వారికి అమ్మడం నేరమని 1985లోనే చట్టం చేసింది. 2016లో దాని స్థానంలో మరింత విస్తృతమైన చట్టం వచ్చింది. తిఫ్రా దుకాణదారుకు అలాంటి సూటి ఆదేశమేదీ లేదు. ట్యూబు చేతిలో పెట్టే ముందు సైకిల్ ఏదని అడిగితే, అది అతని మంచితనం.