పిల్లి యున్న యింట చిన్న యీగలు

మ్రగ్గిన యరటిపండ్లపై ముసరు చిన్న యీగలను మందు చల్లి చంపుట సులభమే. కాని యింట పిల్లి యున్నచో మే మందుకు సమ్మతింపము. మందు నేలపైని, చాపలపైని నిలుచును. పిల్లి దానిపై బొరలి, పిమ్మట తన యొడలు నాకికొనును. కొన్ని మందులలో గలియు పెర్మెత్రిన్ అనునది కుక్కల కంతగా హాని చేయదు. పిల్లి కాలేయము దానిని త్వరగా విఱువజాలదు. మందు గాఢమైనచో వణకు, మూర్ఛలు గలిగి ప్రాణమే పోవచ్చును. కలరా యుండలును దానికి విషమే.

ఈ యీగ వెచ్చని దినములలో గ్రుడ్డునుండి సుమారు 10 దినములలో ఱెక్కలతో వెలువడును. తరములు త్వరగా మాఱుటచేతనే మోర్గను పండితుడు దీనిపై వంశలక్షణములను పరిశోధించెను; 1933లో నోబెలు బహుమానము నందెను. కావున నెగురు యీగను విడిచి పుట్టుచోటును వెదకుడు: పండ్ల తొక్కలు, చెత్తబుట్ట యడుగు, తూము నోట బేరిన జిగట, పిల్లి విడిచిన పాలన్నము. ఒకనాడు కడిగి యూరకున్న లాభము లేదు, గ్రుడ్లు మిగిలియుండును. రెండు వారములు ప్రతిదినము కడుగవలెను. మిగిలిన యీగలకు గిన్నెలో వెనిగరు పోసి, సబ్బునీటి చుక్క విడిచి, సన్నని రంధ్రములు గల కాగితము గప్పి, పిల్లి కందని చోట నుంచిన జాలును.