గాలివానలో స్కూటరు ప్రయాణము

రచన: వ్యవసాయాధికారి, బి.ఎస్సీ. ఏజి., కొలిమిగుండ్ల

మన కొలిమిగుండ్ల ప్రాంతము వానకై ఆకాశము వంక చూచు ప్రాంతము. ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వర్షపాతము సాలుకు సుమారు 670 మిల్లీమీటర్లు మాత్రమే. అందుచేత వాన వచ్చినదన్న మాట మనకు శుభవార్త. వాన పడినదనగా ఇంటిలో ఎవరును కూర్చుండరు. ఒకరు విత్తనములకు, ఒకరు ఎరువులకు, మరియొకరు చేను చూచుటకు బయలుదేరుదురు. ఒకప్పుడు ఈ పనులకు ఎద్దులబండి కట్టెడివారు. ఇప్పుడు స్కూటరు తీయుచున్నారు. పొంగిన వంకను చూచినచో ఎద్దులు తామే నిలిచిపోయెడివి. స్కూటరుకు ఆ తెలివి లేదు. నిలువవలసినది నడుపువాడే. ఈ సంగతి నాకు ఎట్లు తెలిసి వచ్చినదో మొదట మనవి చేసెదను.

నాకు కలిగిన అనుభవము

కొన్ని సంవత్సరముల క్రిందట, అక్టోబరు మాసములో, శనగ విత్తు కాలమున ఒక పల్లెలో రైతుల సమావేశము ఏర్పాటు చేసితిని. స్కూటరుపై బయలుదేరు వేళకు చినుకులు పడుచున్నవి. త్రోవలో ఒక వంకపై చప్టా ఉన్నది. ముందురోజు ఆ చప్టాను పొడిగా దాటితిని. ఆ పూట దానిపై జానెడు నీరు పారుచున్నట్లు తోచినది. ‘ఇంతేగదా’ అనుకొని ముందుకు పోబోతిని.

గట్టుమీద గొర్రెలను నిలుపుకొని ఉన్న ఒక పెద్దాయన కేక వేసెను. “పోవద్దు సారూ! నీళ్లు ఎర్రబడినాయి చూడు. పైన కొండలో బాగా కురిసింటాది. ఆ నీళ్లు ఇంగా రాల్యా.”

నాకు ఆ మాట రుచింపలేదు. రైతులందరు నాకొరకు ఎదురుచూచుచున్నారని చెప్పితిని. ఆయన నాతో వాదింపలేదు. చేతికందిన నాపరాతి ముక్కనొకదానిని నీటి అంచున నిలబెట్టి, “ఆ రాయి మునిగేదాకా ఈడ కూర్చో సారూ, మునగకపోతే పోదువులే” అనెను.

పది నిమిషములలో రాయి మునిగెను. అరగంట గడచునప్పటికి చప్టాకు ఇరుప్రక్కల నున్న హద్దురాళ్లు కూడ కనబడలేదు. వేళ్లతో పెరికిన తుమ్మచెట్టు ఒకటి మా కన్నుల ముందే కొట్టుకొనిపోయినది. సాయంత్రము నీరు తీసిన తరువాత చూడగా, చప్టా నడుమ మూడు గజముల మేర గండి పడియున్నది. నేను దాటబోయిన సమయమునకే ఆ గండి పడియుండెనో లేదో నేటికిని నాకు తెలియదు. ఎర్రనీటి క్రింద ఏమున్నదో పైనుండి ఎవరికిని కనబడదు.

సమావేశము మరునాడు ఉదయము జరిగినది. ఒక రోజు ఆలస్యమైనందున ఎవరి విత్తనమును ఆగలేదు.

వంక వద్ద

మన భూముల స్వభావము తెలిసినచో పెద్దాయన మాటలోని నిజము తెలియును. ఎర్రమల కొండల ప్రాంతములో పలుచోట్ల నాపరాతి పరపులపై మన్ను పలుచగా ఉండును. పెద్దవాన కురిసినప్పుడు నీరు ఎక్కువగా ఇంకదు. వెంటనే పల్లమునకు జారి వంకలలో చేరును. ఈ రాతిపై నీటికి ఉన్న బలమును చూడవలెనన్న మన బెలుం గుహలను చూచిన చాలును. 3,229 మీటర్ల పొడవున కొలువబడిన ఆ గుహలను సున్నపురాతిలో తొలిచినది నీరే. కావున మీరున్న చోట చినుకు లేకున్నను, పైన కురిసిన వాన కొద్దిసేపటిలో మీ ముందరి వంకను నింపవచ్చును. బనగానపల్లె వద్ద జుర్రేరు, నంద్యాల వద్ద కుందూ, ఆళ్లగడ్డ వద్ద వక్కిలేరు పొంగినప్పుడు వాటిలో కలియు వంకల నీరు వెనుకకు ఎగదన్నుటయు కలదు. మనది కరువు సీమ, మనకు వరద ఏమిటని అనుకొనరాదు. 2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రీ నీటిలో కర్నూలు పట్టణము మునిగిన సంగతి మీ అందరికి తెలిసినదే.

వేగముగా పారు నీరు అరడుగు లోతున్నను పెద్దమనిషిని పడద్రోయగలదు. అడుగు లోతున్నచో కారును కూడ కదల్చగలదు. అట్టి నీటిలో స్కూటరు ఎంతసేపు నిలుచును? అందుచేత ఈ మూడు సూత్రములను జ్ఞాపకముంచుకొనవలెను.

1. రోడ్డు ఉపరితలము కనబడనిచో చప్టా దిగరాదు. ముందు పోయిన ట్రాక్టరును చూచి దిగుట పొరపాటు. ట్రాక్టరు బరువు వేరు, స్కూటరు బరువు వేరు.

2. నీటి అంచున రాయి గాని, పుల్ల గాని గుర్తుంచి చూడవలెను. నీరు పెరుగుచున్నదా, తీయుచున్నదా అనునది దానివలన తెలియును. తీసిన తరువాత కూడ చప్టా చెక్కుచెదరకున్నదని కన్నులార చూచియే దాటవలెను.

3. పొరపాటున నీటిలో చిక్కినచో స్కూటరును వదలి గట్టు చేరవలెను. బండి మరల కొనవచ్చును.

ఉరుములు, మెరుపులు

మే మాసపు గాలివానలోను, సెప్టెంబరు, అక్టోబరు మాసములలోను మనకు పిడుగుల భయము ఎక్కువ. మూసియున్న ఇనుప కారులో ఉన్నవారికి కొంత రక్షణ కలదు. స్కూటరుపై ఉన్నవారికి ఏ రక్షణయు లేదు. రబ్బరు టైర్లు పిడుగును ఆపుననుట వట్టి మాట. మెరుపు కనబడినది మొదలు ఉరుము వినబడువరకు అంకెలు లెక్కింపవలెను. శబ్దము కిలోమీటరు దూరము వచ్చుటకు సుమారు మూడు సెకండ్లు పట్టును. ముప్పది లెక్కించులోపల ఉరుము వినబడినచో పిడుగు పది కిలోమీటర్ల లోపున ఉన్నదని అర్థము. వెంటనే పక్కా కట్టడములోనికి పోవలెను. చివరి ఉరుము వినబడిన అరగంట వరకు బయలుదేరరాదు.

ఒంటరి వేపచెట్టు క్రింద, చింతచెట్టు క్రింద బండి ఆపి నిలుచుట మనలో చాలమందికి అలవాటు. ఇది మిక్కిలి ప్రమాదకరము. చెట్టుపై పిడుగు పడవచ్చును, గాలికి కొమ్మ విరిగి పడవచ్చును. పూణేలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థవారి ‘దామిని’ యాప్ ద్వారా సమీపమున పిడుగు సూచన ముందుగా తెలియును. వాతావరణ శాఖవారు పసుపు, నారింజ, ఎరుపు రంగులలో హెచ్చరికలు ఇచ్చుచున్నారు. ఎరుపు హెచ్చరిక ఉన్న దినమున స్కూటరు ఇంటనే ఉండవలెను.

ఈదురుగాలి

1946లో ఇటలీ దేశమున వెస్పా స్కూటరు తయారైనప్పుడు, నడుపువాని బట్టలకు బురద, చమురు అంటకుండునట్లు ముందువైపు వెడల్పైన రేకు అమర్చిరి. నేటి స్కూటర్లకు కూడ ఆ అమరిక ఉన్నది. బురదను ఆపు ఆ రేకే గాలికి పట్టు ఇచ్చును. దీనికి తోడు స్కూటరు చక్రములు మోటారు సైకిలు చక్రములకంటె చిన్నవి. ప్రక్కగాలికి స్కూటరు ఊగుటకు ఇవి కారణములు.

గాలి వేగము రెండింతలైనచో దాని త్రోపుడు నాలుగింతలగును. గంటకు 30 కిలోమీటర్ల గాలిలో నడుపగలిగినవాడు 60 కిలోమీటర్ల గాలిలోను నడుపగలననుకొనరాదు. ఎదురుగా వచ్చు సిమెంటు లారీ, నాపరాళ్ల లారీ ప్రక్కన పోవునప్పుడు గాలి ఒక్క క్షణము ఆగి, లారీ దాటగానే విసురుగా కొట్టును. లారీ కనబడగానే వేగము తగ్గించి, రోడ్డు అంచునకు మరీ చేరక, హ్యాండిలును గట్టిగా పట్టుకొనవలెను. చేతులు బిగదీయరాదు. బండి దారి తప్పుచున్నంత గాలి ఉన్నప్పుడు నడుపుట మాని, చెట్లకు, విద్యుత్ స్తంభములకు, పెద్ద బోర్డులకు దూరముగా ఆపుకొనవలెను.

వెనుక కూర్చున్నవారు గొడుగు విప్పి పట్టుట కూడదు. గాలిలో గొడుగు తెరచాపవలె బండిని లాగును. ఒంటికి అతుకుకొని ఉండు రెయిన్ కోటు మంచిది. వ్రేలాడు తువ్వాలు, చీరకొంగు, కోటు అంచు చక్రములో చిక్కకుండ చెక్కుకొనవలెను. తలపై గోనెసంచి కప్పుకొన్నచో ప్రక్క చూపు పోవును, వెనుక వచ్చు బండి శబ్దము వినబడదు. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము వెనుక కూర్చున్నవారికి కూడ హెల్మెట్ విధి. వానలో దాని అద్దమును శుభ్రముగా ఉంచుకొనవలెను.

జారు రోడ్డు, బ్రేకు లెక్క

తొలి చినుకులు పడినప్పుడు రోడ్డు మిక్కిలి జారును. వాహనముల నుండి కారిన నూనె, దుమ్ము నీటితో కలిసి సబ్బువలె అగును. మన వద్ద దీనికి మరి రెండు తోడగుచున్నవి. చేలనుండి ట్రాక్టరు చక్రములతో రోడ్డుపైకి వచ్చు రేగడి మన్ను ఒకటి. నాపరాయి పాలిషు చేయుచోట్ల రోడ్లపై పేరుకొను రాతిపొడి రెండవది. వాన మొదలైన తొలి పావుగంట ఎక్కడనైన ఆగుట మేలు. బాగుగా కురిసిన తరువాత ఆ మడ్డి కొంత కొట్టుకొనిపోవును.

గంటకు 36 కిలోమీటర్ల వేగమనగా సెకండుకు 10 మీటర్లు. గేదె అడ్డము వచ్చినదని గ్రహించి బ్రేకు పట్టుటకు ఒక సెకండు పట్టినచో అప్పటికే 10 మీటర్లు పోయియుందుము. తరువాత పొడి రోడ్డుపై బండి నిలుచుటకు సుమారు 9 మీటర్లు కావలెను. టైరు పట్టు సగమునకు తగ్గిన తడి రోడ్డుపై 17 మీటర్లు కావలెను. వేగము 54 కిలోమీటర్లైనచో, తడి రోడ్డుపై మొత్తము 50 మీటర్లకు మించి పోవును. వానలో 30 కిలోమీటర్లకు మించరాదనుటకు కారణము ఇదియే.

రెండు బ్రేకులను కలిపి, మెల్లగా, ముందుగానే పట్టవలెను. మలుపులో బ్రేకు పట్టక, మలుపునకు ముందే వేగము తగ్గించుకొనవలెను. రైలు పట్టాలను, ఇనుప మూతలను అడ్డముగా, నిటారుగా దాటవలెను. నీరు నిండిన గుంట లోతు తెలియదు గనుక తప్పించుకొని పోవలెను. టైరు గాడుల అడుగున చిన్న మిట్టలుండును. టైరు అరిగి ఆ మిట్టలతో సమమైనచో, వానకాలమునకు ముందే మార్చవలెను. విత్తనపు సంచి తెచ్చునప్పుడు కాళ్లకు, బ్రేకుకు అడ్డు రాకుండ నడుమ అమర్చి కట్టవలెను. గడ్డిమోపు, ఖాళీ డబ్బాలు వంటి ఎత్తైన బరువులు గాలిరోజున వద్దు.

నీరు తగిలిన స్కూటరు

నీటిలో ఇంజను ఆగినచో మరల మరల స్టార్టు చేయరాదు. గాలి పీల్చు మార్గమున ఇంజనులోనికి నీరు చేరియుండవచ్చును. త్రోసుకొని గట్టెక్కించి మెకానిక్కునకు చూపవలెను. ఇంజను ఆయిలు మజ్జిగవలె తెల్లబడినచో నీరు కలిసినదని అర్థము, ఆయిలు మార్పించవలెను. నీరు దాటిన తరువాత బ్రేకులు పట్టవు. మెల్లగా పోవుచు, కొంతసేపు తేలికగా పట్టుచు వదలుచు వాటిని ఆరబెట్టవలెను.

గ్రామాధికారులకు మనవి

1984 వరకు కరణము, మునసబులు చూచిన గ్రామ బాధ్యత నేడు రెవెన్యూ అధికారి, పంచాయతీ కార్యదర్శి, వ్యవసాయ సహాయకుల చేతిలో ఉన్నది. వానకాలమునకు ముందు ప్రతి చప్టా వద్ద అడుగుల గుర్తులు వేసిన కొలత కర్రలు పాతించవలెను. వంక పొంగిన దినమున రెండు గట్లయందును అడ్డుకంప వేయించి, ఒక మనిషిని నిలుపవలెను. దండోరా వేయించి చెప్పవలెను. ట్రాక్టరు యజమానులకు రోడ్డుపై రాలిన రేగడి మన్నును తీయించుమని చెప్పవలెను. తెగిన విద్యుత్ తీగను ఎవరును తాకకుండ కాపలా ఉంచి 1912 నంబరుకు తెలుపవలెను. ప్రమాదము జరిగినచో 108, సహాయమునకు 112 నంబర్లు అందరికి కనబడునట్లు వ్రాయించవలెను. ముఖ్యముగా, రైతును వాన దినమున ‘వెంటనే రమ్ము’ అని కార్యాలయమునకు పిలువకుడు. ఆ తొందర మనము పెట్టినదైనచో, దాని ఫలితములో మనకును పాలు కలదు.

పదును తెలిసిన రైతు

రైతు సోదరులారా! ఓపిక మీకు నేను నేర్పవలసినది కాదు. పెద్దవాన కురిసిన మరునాడే రేగడి చేలో ఎవరును గొర్రు దింపరు. బురదలో గొర్రు దింపినచో విత్తనము చెడునని, నేల గడ్డ కట్టునని మీకు తెలియును. పిడికెడు మన్ను పట్టి చూచి, పదును వచ్చువరకు రెండు మూడు దినములు ఆగుదురు. ఇంటి సంవత్సరపు తిండి ఆ విత్తుపై ఆధారపడియున్నను తొందరపడరు. చేను ఆరువరకు ఆగగలిగినవాడు వంక తీయువరకు రెండు గంటలు ఆగలేడా? నాడు నన్ను గట్టున కూర్చుండబెట్టిన పెద్దాయన వానలో తడియుచు నాతోపాటు సాయంత్రమువరకు ఉండెను. అక్కడ ఆయనకు వేరే పని లేదు. మీ గ్రామమున పొంగిన వంక వద్ద ఎవరైన స్కూటరుతో దిగబోవుట చూచినచో, మీరును ఒక కేక వేసి, నీటి అంచున ఒక రాయి పెట్టి, ప్రక్కన కూర్చుండబెట్టుడు.