లావుగా ఉన్నవారి చేత వ్యాయామం చేయించడం

తెల్లవారుజామున లాల్‌బాగ్‌కు వెళ్ళేవారికి ఈ దృశ్యం కొత్త కాదు. ముందు ఒక కుర్రవాడు చకచకా నడుస్తుంటాడు. పది గజాల వెనక, చెమటలు కక్కుకుంటూ అతని మేనమామ వస్తుంటాడు. "ఇంకొక్క రౌండు మామయ్యా, రండి!" అని కుర్రవాడి కేక. నాలుగోనాటికి కుర్రవాడు ఒక్కడే కనిపిస్తాడు. మామయ్యగారికి మోకాలు పట్టేసింది.

ఇవాళ నా మాటలు మామయ్యగారికి కాదు, ఆ కుర్రవాడికి. ఇంట్లో వారి చేతగానీ, వ్యాయామశాలలోగానీ లావుగా ఉన్నవారి చేత కసరత్తు చేయించే మీ అందరికీ.

ఇంతకీ లావు అంటే ఎంత? ఎత్తును మీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, ఆ వచ్చిన అంకెతో బరువు కిలోలను భాగించండి. 2009లో మన దేశపు వైద్య నిపుణులు నిర్ణయించిన ప్రకారం, ఆ లెక్క 23కు చేరితే అధిక బరువు, 25కు చేరితే స్థూలకాయం. పాశ్చాత్యులకు ఈ హద్దులు 25, 30. మనవాళ్ళకు తక్కువ బరువులోనే పొట్టలో కొవ్వు చేరి మధుమేహం తొందరగా వస్తుంది కనుక మన హద్దు కిందికి దించారు.

ఇక మోకాలి సంగతి. చదునైన నేల మీద మామూలుగా నడిచినా, అడుగడుక్కీ మోకాలి మీద ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. మెట్లు దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. వంద కిలోల మనిషిని పరుగెత్తిస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. మోకాళ్ళ అరుగుదల ఉన్న పెద్దవారి మీద అమెరికాలో జరిగి, 2005లో వెలువడిన ఒక పరిశోధనలో, ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని తేలింది. అంటే మొదటి నెలలే గడ్డుకాలం. కీలు మీద భారం ఎక్కువ, కండ బలం తక్కువ. ఆ నెలల్లో మీ పని ఆయన్ను ముందుకు తొయ్యడం కాదు, వెనక్కి పట్టి ఉంచడం. మొదట పది నిమిషాల నడక చాలు. కెంపేగౌడ గోపురం ఉన్న ఆ బండ ఎక్కించకండి. అది 300 కోట్ల ఏళ్ళుగా అక్కడే ఉంది, ఇంకో ఆరు నెలలు ఆగుతుంది.

ఎంత వేగంగా నడిపించాలి? నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. అదీ కొలత. "బాగున్నారా?" అని మాత్రం అడగకండి. లావుగా ఉన్నవారు చిన్నప్పటి నుంచీ ఎన్నో ఎగతాళి మాటలు పడి ఉంటారు. నొప్పి ఉన్నా "బాగానే ఉంది" అనేస్తారు. అందుకని నిన్న రాత్రి భోజనంలో ఏం తిన్నారో అడగండి. రెండు వాక్యాలు తెగకుండా చెప్పలేకపోతే వేగం తగ్గించండి. నాడి లెక్కను నమ్ముకోకండి. రక్తపోటుకు బీటా బ్లాకర్ జాతి మందులు వాడేవారికి ఎంత శ్రమపడినా నాడి అంతగా పెరగదు. నలుగురి ముందు తూకం వెయ్యడం అసలే వద్దు. మనిషి మర్నాడు రాడు.

2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళ వయసులో గుండె ఆగి మరణించారు. ఆ ఉదయం వ్యాయామం తర్వాత ఆయనకు నలతగా అనిపించింది. ఆయన లావు మనిషి కాడు. అయినా ఆ తర్వాత బెంగుళూరులో గుండె పరీక్షలకు జనం బారులు తీరారు. పరీక్ష మంచిదే. బరువుతో పాటు మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారిని వైద్యునికి చూపించాకే మొదలుపెట్టించండి. వ్యాయామం మధ్యలో ఛాతీ బిగిసినా, నొప్పి దవడకో చేతికో పాకినా, కళ్ళు తిరిగినా అక్కడే ఆపి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గ్యాసు అని సరిపెట్టుకోకండి.

ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో గ్లూకోజు ఉంచుకోవాలి. మధుమేహం వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారికి బొబ్బ లేచినా తెలియదు, ఇంటికి రాగానే అరికాళ్ళు మీరే చూడండి. తొడలు ఒరుసుకుని పుండ్లు పడటం చాలామందిని ఇంట్లో కూర్చోబెట్టే కారణం, సిగ్గుతో ఎవరూ చెప్పరు. కాస్త వాజిలిన్, పొడవాటి లోదుస్తులు ఉంటే తీరిపోతుంది.

నడకతో పాటు కండ బలమూ పెరగాలి. గట్టి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి తోసుకోవడం వారానికి రెండుసార్లు చేయించండి. ఊపిరి బిగపట్టనివ్వకండి, రక్తపోటు పెరుగుతుంది. నేల మీద పడుకోబెట్టే ఆసనాలకు తొందర లేదు. పడుకోబెట్టేముందు తిరిగి ఎలా లేస్తారో చూసుకోండి. పక్కకు ఒత్తిగిలి, మోకాళ్ళ మీదికి వచ్చి, కుర్చీ పట్టుకుని లేవాలి. ఆ కుర్చీ ముందే దగ్గరగా వేసి ఉంచండి.